ఎంజైమ్‌లు వదిలే ప్రొబయోటిక్ బ్యాక్టీరియాని కోళ్ల మేతలో వాడటం ఎలా: ఎంపిక నుంచి కొలత దాకా

"ప్రొబయోటిక్ వేస్తున్నాం గానీ తేడా ఏం కనపడట్లేదు" అనేవాళ్లు, "ఎంత వెయ్యాలి, ఎన్ని రోజులు వెయ్యాలి, మందులతో కలిపి ఇవ్వొచ్చా" అని అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు కాబట్టి అంతా ఒకేచోట వరసలో రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్పేస్తా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న బ్యాక్టీరియా, రెడీమేడ్ ఎంజైమ్ కాదు. ఎంజైమ్ పొడికి మేతలో పడేటప్పుడే దాని యూనిట్లు దానికి ఉంటాయి, ఇదైతే పేగు దాకా ప్రాణంతో చేరాలి, అక్కడ మేల్కోవాలి, పెరగాలి, అప్పుడు ఎంజైమ్ వదలాలి. దారిలో ఎక్కడ చచ్చిపోయినా మీరు వేసింది ఉత్త పొడే.

1. లోపల ఏం జరుగుతుంది (ఇది తెలిస్తేనే మిగతా స్టెప్పులు అర్థమవుతాయి)

కోడికి పిండి పదార్థం, ప్రోటీన్, కొవ్వు అరిగించుకోడానికి సొంత ఎంజైమ్‌లు ఉన్నాయి. లేనివి ఏంటంటే పీచుని విడగొట్టే సెల్యులేజ్, జైలనేజ్, బీటా గ్లూకనేజ్ లాంటివి, ఇంకా ఫైటేజ్ కూడా చాలినంత ఉండదు. గింజల్లో, నూనె చెక్కల్లో ఉండే ఫాస్ఫరస్‌లో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ రూపంలో కట్టిపడేసి ఉంటుంది, దాన్ని విప్పే ఎంజైమ్ లేకపోతే చాలావరకు అలాగే రెట్టలో పోతుంది.

బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా (సబ్టిలిస్, లైకెనిఫార్మిస్, అమైలోలిక్విఫేసియెన్స్) ఈ పనికి బాగా పనికొస్తాయి, ఎందుకంటే ఇవి ఎంజైమ్‌లని తమ కణం బయటికి వదులుతాయి, పైగా స్పోర్ అనే గట్టి పెంకు రూపంలో నిద్రపోగలవు. ఆ పెంకు కందనకాయ దగ్గరి యాసిడ్‌ని, పైత్యరసాన్ని, పెల్లెట్ మిల్లు వేడిని తట్టుకుంటుంది. పేగులో అమైనో యాసిడ్లు, చక్కెరలు తగలగానే మేల్కొంటుంది. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్, ఎంటరోకాకస్ లాంటివి వేరే దారి, అవి ఎక్కువగా లాక్టిక్ యాసిడ్ తయారుచేసి ఈకోలై, సాల్మొనెల్లాలకి చోటు లేకుండా చేస్తాయి, ఎంజైమ్ కోసమే అయితే వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మేత కోడి పేగులో కొన్ని గంటలే ఉంటుంది, బాసిల్లస్ పేగులో శాశ్వతంగా కాపురం పెట్టే రకం కాదు, వెయ్యడం ఆపేస్తే కొద్ది రోజుల్లోనే దాని సంఖ్య పడిపోతుంది. అందుకే వారానికోసారి డబుల్ డోసు వేసి సరిపెట్టుకోవడం కుదరదు, రోజూ మేతతో పాటు లోపలికి పోతూ ఉండాల్సిందే.

2. ముందు మీ మేత చూడండి, తర్వాతే ప్యాకెట్

చాలామంది ముందు ప్యాకెట్ కొనేసి తర్వాత ఆలోచిస్తారు. ఎంజైమ్ అనేది తాళంచెవి లాంటిది, తాళం ఏదో తెలియకుండా చెవి కొనకూడదు. మీ ఫార్ములా తీసి ఏ ముడిసరుకు ఎక్కువుందో చూస్కోండి:

- మొక్కజొన్న, సోయా మీల్ ఎక్కువుంటే: ప్రోటియేజ్, మన్ననేజ్, ఆల్ఫా గెలాక్టోసిడేజ్. సోయాలో కోడి అరిగించుకోలేని చక్కెరలు, మన్నన్ ఉంటాయి.
- గోధుమ ఉంటే: జైలనేజ్ తప్పనిసరి. బార్లీ ఉంటే బీటా గ్లూకనేజ్. ఈ రెండిట్లో పీచు పేగులో జిగురులా మారి రెట్ట అంటుకునేలా చేస్తుంది.
- తవుడు, నూనె తీసిన తవుడు ఎక్కువుంటే: ఫైటేజ్, జైలనేజ్.
- పొద్దుతిరుగుడు చెక్క లాంటి పీచు చెక్కలుంటే: సెల్యులేజ్, జైలనేజ్, ప్రోటియేజ్.
- ఈకల పొడి వాడితే: కెరటినేజ్. లైకెనిఫార్మిస్‌లో కొన్ని స్ట్రెయిన్లు (ఒకే జాతిలో వేర్వేరు రకాలు) ఇది బాగా వదులుతాయి.

ఇక్కడ జాతి పేరు చూసి మోసపోవద్దు. ఒకే సబ్టిలిస్‌లో ఒక స్ట్రెయిన్ ప్రోటియేజ్ దండిగా వదులుతుంది, ఇంకోటి పేరుకే వదులుతుంది. కాబట్టి అమ్మేవాళ్లని "ఏ బ్యాక్టీరియా" అని అడిగి ఆగకండి, "ఈ స్ట్రెయిన్ ఏ ఎంజైమ్ వదులుతుంది, దానికి ల్యాబ్ రిపోర్ట్ ఉందా, నాలాంటి మేత మీద కోళ్లలో ట్రయల్ చేశారా" అని అడగండి. ల్యాబ్‌లో ప్లేటు మీద పిండిని కరిగించి చుట్టూ తేటబడిన వలయం చూపించడం మంచిదే, కానీ ప్లేటు మీద కరిగించింది కోడి పేగులో ఉండే ఆ కొద్ది గంటల్లో కూడా అంతే కరిగిస్తుందని కాదు.

3. లేబుల్ మీద చూడాల్సినవి

కొనేముందు ఈ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకుని చదవండి:

- జాతి, ఉపజాతితో పాటు స్ట్రెయిన్ నంబర్ ఉందా
- గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూ (అంటే పెరగగల బ్యాక్టీరియా లెక్క), ఆ లెక్క తయారైన రోజుదా, ఎక్స్‌పైరీ రోజు దాకా గ్యారంటీయా
- స్పోర్ రూపమా, మామూలు కణాలా
- ఎంజైమ్ యూనిట్లు రాసుంటే, అది విడిగా కలిపిన ఎంజైమా, బ్యాక్టీరియా నుంచి వచ్చేదా
- బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, దాచే ఉష్ణోగ్రత
- యాంటీబయోటిక్ నిరోధక జీన్లు, టాక్సిన్లు లేవని టెస్ట్ చేశారా

ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బాసిల్లస్ సెరియస్ కూడా ఇదే కుటుంబం, అది ఆహారాన్ని విషం చేసే టాక్సిన్ వదులుతుంది, మామూలుగా చూస్తే రెండిటికీ తేడా తెలీదు. ఎంటరోకాకస్‌లో కొన్ని స్ట్రెయిన్లకి యాంటీబయోటిక్ నిరోధం ఉంటుంది, అది వేరే బ్యాక్టీరియాకి కూడా అంటించగలవు. చక్కెర నీళ్లలో ప్యాకెట్ కలిపి షెడ్డులోనే డ్రమ్ముల్లో పెంచుకోవడం నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే మూడోరోజు ఆ డ్రమ్ములో పెరిగేది మీరు వేసిందో, గాల్లోంచి పడిందో ల్యాబ్‌కి పంపితే తప్ప తెలీదు.

4. డోసు లెక్క

సాధారణంగా మేత గ్రాముకి లక్ష నుంచి కోటి సీఎఫ్‌యూ మధ్య వాడతారు, బాసిల్లస్‌కి 10 లక్షల దగ్గర మొదలుపెట్టడం మామూలు. మీ ప్రొడక్ట్ లేబుల్ వేరేగా చెప్తే అదే పాటించండి, కానీ లెక్క మాత్రం మీరే వేసి చూస్కోండి.

లేబుల్ మీద గ్రాముకి 200 కోట్లు అనుకుందాం. టన్ను మేత అంటే 10 లక్షల గ్రాములు, గ్రాముకి 10 లక్షలు కావాలంటే మొత్తం లక్ష కోట్లు కావాలి. లక్ష కోట్లని 200 కోట్లతో భాగిస్తే 500 గ్రాములు. అదే ప్రొడక్ట్‌లో గ్రాముకి 20 కోట్లే ఉంటే టన్నుకి 5 కిలోలు పడుతుంది. చవగ్గా వచ్చే ప్యాకెట్లు ఈ లెక్కలోనే బయటపడతాయి, ప్యాకెట్ బరువు కాదు, దాంట్లో ప్రాణంతో ఉన్నవి ఎన్నో చూడాలి. లేబుల్ మీద 10 పక్కన పైన చిన్నగా 9 ఉందా 8 ఉందా అని కళ్లు పెట్టి చూడండి, ఒక్క అంకె తేడా అంటే పదిరెట్లు.

నీళ్లలో ఇచ్చేటప్పుడు కూడా ఇదే లెక్క, కాకపోతే మేత నుంచి మొదలుపెట్టాలి. షెడ్డు రోజుకి 100 కిలోల మేత తింటుంటే దానికి కావల్సింది 10 వేల కోట్లు, ప్రొడక్ట్‌లో గ్రాముకి 500 కోట్లుంటే 20 గ్రాములు. ఆ 20 గ్రాముల్ని లీటర్ల లెక్కన పంచేటప్పుడు ఎండాకాలం సంగతి గుర్తుంచుకోండి. మామూలుగా కోడి మేతకి రెట్టింపుకి అటూఇటూ నీళ్లు తాగుతుంది, ఎండలకి అది బాగా పెరుగుతుంది, లీటరుకి ఇంత అని కళ్లు మూసుకుని కలిపితే డోసు కూడా దాంతోపాటే పెరిగిపోతుంది.

5. దేనితో కలవదు

ఏవి దీన్ని చంపుతాయో ముందే రాసిపెట్టుకోండి.

యాంటీబయోటిక్స్: టైలోసిన్, లింకోమైసిన్, బాసిట్రాసిన్ లాంటివి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాని చంపడానికే ఉన్నాయి, బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ రెండూ గ్రామ్ పాజిటివే. స్పోర్‌గా ఉన్నంతసేపు తట్టుకుంటుంది, మేల్కొన్నాక దొరికిపోతుంది. రెండూ ఒకేసారి వెయ్యడం అంటే రెండు ఖర్చులు పెట్టి ఒకదాన్ని ఇంకోదాంతో చంపడం. డాక్టర్ కోర్సు రాస్తే కోర్సు పూర్తిచెయ్యండి, మధ్యలో ఆపొద్దు, అయిపోయిన మర్నాటి నుంచే ప్రొబయోటిక్ పెట్టండి, అప్పుడే పేగు ఖాళీగా ఉంటుంది కాబట్టి దాని అవసరం ఎక్కువ.

కాక్సీడియోసిస్ (పేగులో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) మందులు: మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి అయనోఫోర్లు కూడా గ్రామ్ పాజిటివ్ మీద పనిచేస్తాయి. కొన్ని బాసిల్లస్ స్ట్రెయిన్లు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ఫలానా మందు, ఫలానా డోసుతో ఈ స్ట్రెయిన్‌కి ఇబ్బంది లేదని కంపెనీ దగ్గర కాగితం మీద తీసుకోండి, నోటిమాట వద్దు. కాక్సీ మందు మాత్రం దీనికోసం ఆపెయ్యకండి.

మిగతావి: కాపర్ సల్ఫేట్ ఎక్కువ మోతాదు, ఫార్మాల్డిహైడ్, గాఢమైన ఆర్గానిక్ యాసిడ్లు నేరుగా పొడి మీద పడకూడదు. కోలిన్ క్లోరైడ్ తేమని బాగా లాగుతుంది, దాంతో కలిపి నెలల తరబడి దాచిన ప్రీమిక్స్‌లో (మేతలో వెయ్యడానికి ముందే కలిపిపెట్టుకునే పొడి) బ్యాక్టీరియా తగ్గిపోతుంది, విడిగా పెట్టుకోండి.

6. మేతలో కలపడం

ఫలితం రాని షెడ్డుల్లో ముందు అనుమానించాల్సింది ఇక్కడే. 500 గ్రాముల పొడిని టన్ను మేతలో నేరుగా పారేస్తే ఒక మూల కోళ్లకి పదింతలు, ఇంకో మూల సున్నా. వరస ఇదీ:

మొదటిది, 500 గ్రాములు తూకం వేసి, మెత్తగా ఆడిన, పొడిగా ఉన్న మొక్కజొన్న పిండి 5 కిలోల్లో వేసి చేత్తో కాకుండా చిన్న డ్రమ్ములో తిప్పి కలపండి. పిండి తడిగా ఉంటే గడ్డలు కడుతుంది, ఒకసారి గడ్డ కట్టిందంటే పెద్ద మిక్సర్‌లో అది విడిపోదు.

రెండోది, ఆ 5 కిలోల్ని ఇంకో 20 కిలోల పిండిలో కలిపి 25 కిలోలు చెయ్యండి.

మూడోది, పెద్ద మిక్సర్‌లో సగం గింజ, సోయా మీల్ పడ్డాక ఈ 25 కిలోలు పొయ్యండి, పైన మిగతా సగం. ఖాళీ మిక్సర్‌లో ముందుగా పోస్తే అడుగున, మూలల్లో ఇరుక్కుంటుంది.

నాలుగోది, ముందు పొడిగానే తిప్పండి, నూనె, ద్రవాలు ఏమున్నా పొడులన్నీ కలిశాకే చివర్లో. నూనె ముందు పడితే పొడి దానికి అంటుకుని ముద్దలవుతుంది. ఎంతసేపు తిప్పాలన్నది మీ మిక్సర్‌ని బట్టి ఉంటుంది, కంపెనీ చెప్పిన టైమ్ పాటించండి, రిబ్బన్, ప్యాడిల్ అరిగిపోయుంటే ఆ టైమ్ చాలదు.

మిక్సర్ సరిగా కలుపుతోందో లేదో తెలుసుకోవాలంటే ఒక బ్యాచ్‌లో వేర్వేరు చోట్ల నుంచి 10 శాంపిళ్లు తీసి ఉప్పు (క్లోరైడ్) టెస్ట్ చేయించండి, శాంపిళ్ల మధ్య తేడాని చూపే సీవీ 10 శాతం లోపు ఉండాలి. ఇది ప్రొబయోటిక్‌కే కాదు, విటమిన్లు, కాక్సీ మందు అన్నీ సమంగా కలుస్తున్నాయో లేదో కూడా దీంతోనే తేలిపోతుంది.

పెల్లెట్ చేసేవాళ్లకి: కండిషనర్‌లో 80 నుంచి 90 డిగ్రీల ఆవిరి తగులుతుంది. స్పోర్ రూపంలో ఉన్న బాసిల్లస్ చాలావరకు బతుకుతుంది, లాక్టోబాసిల్లస్ లాంటివి చాలావరకు పోతాయి, అవి కావాలంటే పెల్లెట్ చల్లారాక పైన స్ప్రే చెయ్యాలి లేదా నీళ్లలో ఇవ్వాలి. మీ మిల్లులో ఎంత మిగులుతోందో చూడాలంటే ఒకే బ్యాచ్ నుంచి మ్యాష్ (పెల్లెట్ చెయ్యకముందు పొడి మేత) శాంపిల్ ఒకటి, చల్లారిన పెల్లెట్ శాంపిల్ ఒకటి ల్యాబ్‌కి పంపి స్పోర్ కౌంట్ అడగండి. ల్యాబ్‌వాళ్లు శాంపిల్‌ని 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేసి మామూలు కణాల్ని చంపేసి, మిగిలిన స్పోర్లని ప్లేటు మీద పెంచి లెక్కపెడతారు.

7. నీళ్లలో ఇవ్వాల్సి వస్తే

మొదటి వారం పిల్లలకి, జబ్బుపడి మేత తగ్గించిన బ్యాచ్‌కి నీళ్లే దారి. క్లోరిన్ స్పోర్లని అంతగా ఏం చెయ్యదు గానీ లాక్టోబాసిల్లస్‌ని చంపేస్తుంది. అందుకని ముందు క్లోరిన్ ఆపండి, ఆపలేకపోతే వ్యాక్సిన్‌కి చేసినట్టే లీటరుకి 2.5 గ్రాముల స్కిమ్ పాలపొడి కలిపి కొంచెంసేపు ఆగి, అప్పుడు ప్రొబయోటిక్ కలపండి.

4 నుంచి 6 గంటల్లో తాగేసేంత నీళ్లలోనే కలపండి, ట్యాంకు మొత్తం కలిపి రోజంతా ఉంచొద్దు.

అయిపోగానే లైన్ ఫ్లష్ చెయ్యడం చాలామంది వదిలేస్తారు. పాలపొడి, క్యారియర్‌లో (ప్యాకెట్‌లో బ్యాక్టీరియాని కలిపిన పొడి) ఉన్న చక్కెర పైపు లోపల మిగిలిపోతే అక్కడ పెరిగేవి పెరుగుతాయి. లైన్ చివర మూత తీసి లోపల వేలు పెట్టి రుద్ది చూడండి, జారుడుగా, జిగటగా తగిలితే బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టే జిగురు పొర) కట్టినట్టే, నీళ్ల నిపుల్స్ కారడం, కొన్ని మూసుకుపోవడం దీనివల్లే మొదలవుతాయి. ప్రెషర్‌తో కడిగి, ఆ తర్వాతే క్లోరిన్ మళ్లీ మొదలుపెట్టండి.

8. ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా

బ్రాయిలర్‌కి మొదటిరోజు మేత నుంచే. హ్యాచరీ పిల్ల తల్లికోడిని చూడదు, దాని పేగులో ఎవరు ముందొస్తే వాళ్లదే చోటు, ఈకోలై ముందొచ్చాక మీరొస్తే సగం పని చేజారినట్టే. అక్కడి నుంచి బ్యాచ్ అమ్మే దాకా ఆపకుండా.

స్టార్టర్ నుంచి గ్రోయర్‌కి మారేటప్పుడు, వ్యాక్సిన్ తర్వాత, ఎండదెబ్బ రోజుల్లో అస్సలు గ్యాప్ రాకూడదు. లేయర్లకి ఇంకా గుడ్లకి రాని పెట్టల దశ నుంచి మొదలుపెట్టి గుడ్లు పెట్టేంతకాలం కొనసాగించొచ్చు.

9. పనిచేస్తోందో లేదో కొలవడం

"రెట్ట గట్టిపడింది, కోళ్లు చురుగ్గా ఉన్నాయి" అనేది కొలత కాదు. ఒకే హ్యాచ్ పిల్లల్ని ఒకే షెడ్డులో పార్టిషన్లు కట్టి, సగం పార్టిషన్లకి వేసి, సగం వాటికి వెయ్యకుండా పెంచండి. వేసినవన్నీ ఒకవైపు, వెయ్యనివన్నీ ఇంకోవైపు పెట్టకండి, ఫ్యాన్ల పక్క, తలుపు పక్క తేడాలుంటాయి, ఒకటి విడిచి ఒకటి పెట్టండి. మేత ఒకటే, మందులు ఒకటే. పోయిన బ్యాచ్‌తో ఈ బ్యాచ్‌ని పోల్చడం వద్దు, వాతావరణం, పిల్లల క్వాలిటీ, ముడిసరుకు అన్నీ మారిపోయుంటాయి.

వారానికోసారి తూకం వెయ్యండి. పట్టుకోడానికి దొరికినవే పట్టుకుంటే బలహీనమైనవే ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి పలక అడ్డంపెట్టి ఒక గుంపుని చుట్టేసి, ఆ చుట్టులో ఉన్న ప్రతి కోడినీ ఒక్కటీ వదలకుండా తూచండి.

ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత తిన్నాయో) లెక్కలో చనిపోయినవాటి బరువు కలపండి. ఉదాహరణకి 3,200 కిలోల మేత తిని బతికున్న కోళ్లు 1,960 కిలోలు పెరిగి, చనిపోయినవి 40 కిలోలుంటే ఎఫ్‌సీఆర్ 3,200 బై 2,000, అంటే 1.60. చనిపోయినవి వదిలేస్తే 1.63 వస్తుంది. ప్రొబయోటిక్ తెచ్చే తేడా కూడా ఇంచుమించు ఇంత చిన్నగానే ఉండొచ్చు కాబట్టి ఈ తప్పు చేస్తే అసలు తేడా దాంట్లోనే మునిగిపోతుంది.

లిట్టర్ (షెడ్డులో కింద పరిచిన పొట్టు) కూడా చూడండి. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలితే ముద్దలా ఉండిపోతే తేమ ఎక్కువ, కాసేపు నిలిచి మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది, అసలు కలవకపోతే మరీ ఎండిపోయింది. పాదాల అడుగున నల్లటి పుండ్లు ఎన్ని కోళ్లకి ఉన్నాయో కూడా రాసుకోండి.

10. ఫార్ములా ఎప్పుడు తగ్గించొచ్చు

కొంతమంది ప్యాకెట్ మొదలుపెట్టిన రోజే డీసీపీ (మేతలో ఫాస్ఫరస్ కోసం వేసే డైకాల్షియం ఫాస్ఫేట్) తగ్గించేస్తారు, ఎనర్జీ తగ్గించేస్తారు. దయచేసి అలా చెయ్యొద్దు. యూనిట్లు తెలిసిన ఫైటేజ్ ఎంజైమ్‌కి ఎంత ఫాస్ఫరస్ విడుదలవుతుందో కంపెనీ లెక్క ఇస్తుంది, బ్యాక్టీరియా పేగులో ఎంత వదులుతుందో ఒక్కో షెడ్డులో ఒక్కోలా ఉంటుంది. ముందు ఫార్ములా మార్చకుండా ట్రయల్ చేసి, ఫలితం వచ్చాక, కొద్దికొద్దిగా, మళ్లీ పోల్చి చూస్తూ తగ్గించండి. ఇప్పటికే ఫైటేజ్, జైలనేజ్ వేస్తుంటే దాని క్రెడిట్ (అంటే అది వేసినందుకు ఫార్ములాలో తగ్గించుకునే వాటా), ప్రొబయోటిక్ క్రెడిట్ రెండూ పూర్తిగా కలిపి తగ్గించొద్దు, రెండూ పనిచేసేది ఒకే ఫైటేట్ మీద, ఒకే పీచు మీద. ఫాస్ఫరస్ చాలకపోతే ముందు మేత తగ్గుతుంది, కాళ్లు బలహీనపడతాయి, ఎముక మెత్తబడుతుంది, అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

11. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

- ఏ తేడా లేదు: కౌంట్ టెస్ట్ చేయించండి, ప్యాకెట్‌దీ, మేతదీ. ప్యాకెట్‌లో ఉండి మేతలో లేకపోతే తప్పు మిక్సింగ్‌లోనో పెల్లెట్ వేడిలోనో ఉంది. రెండిట్లోనూ ఉండి తేడా లేకపోతే స్ట్రెయిన్‌కీ మీ మేతకీ పొంతన లేదు, సెక్షన్ 2కి వెళ్లండి.
- మేత బాగుంది, మేనేజ్‌మెంట్ బాగుంది, కోళ్లు ముందే బాగా పెరుగుతున్నాయి: ఇలాంటి షెడ్డులో తేడా తక్కువే కనపడుతుంది. ఖర్చు రాబట్టకపోతే మానెయ్యడంలో తప్పేం లేదు.
- రెట్ట పలచగానే ఉంది: ముందు కాక్సీడియోసిస్, ఉప్పు ఎక్కువవడం, నీళ్ల క్వాలిటీ, బూజు టాక్సిన్ చూడండి. వీటికి ప్రొబయోటిక్ వైద్యం కాదు. నెక్రోటిక్ ఎంటరైటిస్ (పేగు గోడ కుళ్లే జబ్బు) అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం చేయించండి, డోసు పెంచుతూ కూర్చోవద్దు.
- ప్యాకెట్ తెరిచి నెలైంది: గాలి తగలకుండా గట్టిగా మూసి, పొడిగా, 25 డిగ్రీల లోపు ఉంచితే స్పోర్లు నిలుస్తాయి. లాక్టోబాసిల్లస్ రకాలు చాలావాటికి ఫ్రిజ్ కావాలి, లేబుల్ చూడండి. గడ్డకట్టిందంటే తేమ తగిలినట్టే, వాడే ముందు కౌంట్ చూడాల్సిందే.
- డోసు రెట్టింపు చేశా, ఫలితం రెట్టింపు రాలేదు: రాదు. కౌంట్ తక్కువున్నప్పుడు పెంచితే పనిచేస్తుంది, చాలినంత ఉన్నాక పెంచితే ఖర్చే పెరుగుతుంది.
- బ్రాండ్ మార్చాలనుకుంటే: బ్యాచ్ మధ్యలో మార్చకండి, కొత్త బ్యాచ్‌తో మొదలుపెట్టి, మళ్లీ పక్కపక్కన పార్టిషన్లలోనే పోల్చండి.